చదువుకోమని పంపితే ఈ రాతలేంది?

(విద్యార్థులు, ఉద్యోగుల ఉమ్మడి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఏ సభకు పోయినా ఒక ప్రశ్న ఎదురైతది. వెనుక వరుసల కూసున్న ఒక తండ్రో, తల్లో లేచి అడుగుతరు. 'పొలం కుదవబెట్టి పిల్లగాణ్ణి యూనివర్సిటీకి పంపినం. చదువుకోమని పంపితే ఈ ఊరేగింపులేంది, ఈ పేపర్ల రాతలేంది?' అని. ఈ ప్రశ్నను మేము ఎన్నడూ తేలికగ తీసుకోలేదు. అది పిరికోళ్ల ప్రశ్న కాదు. కని పెంచినోళ్ల ప్రశ్న. ఇయ్యాల దానికి జవాబు మా నోటితోని చెప్పం. దక్షిణాఫ్రికాల ఇదే ప్రశ్నను మోసుకొని బతికిన ఒక విద్యార్థి కథ చెప్తం. ఆయన పేరు స్టీవ్ బికో. పోరాటకారునిగా ఆయన పేరు చానామందికి ఎరుకే. కానీ ఆయన తన విద్యార్థి సంఘం పత్రికల కాలమ్ రాసెటోడనేది, ఆ కాలమే ఒక తరాన్ని లేపిందనేది మనం అంతగ మాట్లాడుకోం. అందుకే ఇయ్యాల ఆ కాలమ్ గురించే మాట్లాడుకుందం.

చందాల చదువు

బికో 1946 డిసెంబర్ 18న పుట్టిండు. కింగ్ విలియమ్స్ టౌన్ పక్కన జిన్స్‌బర్గ్ అనే నల్లవాడల పెరిగిండు. నాలుగేండ్లప్పుడే తండ్రి చనిపోయిండు. తల్లి తెల్లోళ్ల ఇండ్లల్ల పని చేసింది, తర్వాత దవాఖానల వంటమనిషిగ చేసింది. నలుగురు పిల్లలను ఆ రెక్కల కష్టం మీదనే సాకింది. పిల్లగాడు తెలివిగల్లోడని చూసి జిన్స్‌బర్గ్ జనం పైసలు పోగేసి, లవ్‌డేల్ అనే పేరున్న హైస్కూలుకు పంపిన్రు. ఆ పైసలు ఉన్నోళ్లియి కావు. కూలి చేసుకునెటోళ్లు, ఇండ్లల్ల పని చేసెటోళ్లు కూడబెట్టినయి.

1963ల లవ్‌డేల్ పోయిండు. మూడు నెలలు గడవలేదు. అన్న ఖాయా మీద నిషేధిత సంస్థతోని సంబంధం ఉన్నదని పోలీసులు కేసు పెట్టిన్రు. తమ్మున్ని గూడ పట్టుకపోయి ప్రశ్నించిన్రు. ఏ సాక్ష్యమూ దొరకలేదు. అయినా బడి నుంచి వెళ్లగొట్టిన్రు. ఊరు పెట్టుకున్న ఆశ మీద నీళ్లు చల్లింది ఆ పోరడు కాదు, ఆ పాలన. ఈ సంగతి గుర్తు పెట్టుకోండ్రి, ముందు ముందు అవసరం పడతది.

తర్వాత మేరియన్‌హిల్ల చదివి, 1966ల డర్బన్ నగరంల నేటాల్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీల సీటు తెచ్చుకున్నడు. అది తెల్లోళ్లు కానోళ్ల విభాగం. ఆఫ్రికన్లు, మిశ్రమ జాతోళ్లు, భారత సంతతోళ్లు కలిసి చదివెటోళ్లు. ఇక్కడ మనకొక బంధుత్వం ఉన్నది. 1860 నవంబర్ల మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ల దిగింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మందిని చెరుకు తోటల పనికి ఒప్పంద కూలీలుగ తోలుకపోయిన్రు. వాళ్లల్ల మన తెలుగోళ్లూ ఉన్నరు. బికోతోని కలిసి పని చేసిన సాత్స్ కూపర్, స్ట్రినీ మూడ్లీ లాంటోళ్లు ఆ భారత సంతతి బిడ్డలే. అంటే ఈ కథ మనకు మరీ పరాయిది కాదు.

ఒక రాత్రి, ఒక తీర్మానం

ఆ రోజుల్ల దక్షిణాఫ్రికాల నుసాస్ అని ఒక జాతీయ విద్యార్థి సంఘం ఉండె. తెల్ల విద్యార్థులు నడిపేది. అయితే వాళ్లు చెడ్డోళ్లు కాదు. వర్ణవివక్ష తప్పని తీర్మానాలు చేసెటోళ్లు, నల్ల విద్యార్థులను సభ్యులుగ తీసుకునెటోళ్లు. బికోకు అందుల దోస్తులున్నరు.

1967 జులైల గ్రాహమ్స్‌టౌన్ల రోడ్స్ యూనివర్సిటీల నుసాస్ మహాసభ జరిగింది. నల్ల ప్రతినిధులు క్యాంపస్ హాస్టళ్లల్ల ఉండొద్దని యూనివర్సిటీ చెప్పింది. తెల్ల ప్రతినిధులు హాస్టల్ల, నల్ల ప్రతినిధులు దూరంగ ఒక చర్చి హాల్ల. పగలు ఒకే వేదిక మీద సమానత్వం గురించి ఉపన్యాసాలు, రాత్రి పడకలు మాత్రం వేర్వేరు. ఈ సభను ఇక్కడనే ఆపేద్దామని బికో తీర్మానం పెట్టిండు. తెల్లారేదాకా వాదులాట నడిచింది. తీర్మానం ఓడిపోయింది. సభ యథాతథంగ సాగింది.

మిత్రులారా, ఆ చర్చి హాల్ గురించి జర ఆలోచించండ్రి. శత్రువు అవమానిస్తే మనిషి తట్టుకుంటడు, తిరగబడతడు. మిత్రుడు మన అవమానాన్ని ఎజెండాల ఒక అంశంగ చూసి, ఓటింగ్ పెట్టి, ఓడగొట్టి, టీ తాగనీకి పిలిస్తే ఏం చేయాలె? బికో తిట్టలేదు. కొట్లాడలేదు. తన మనుషులతోని సొంతంగ సంఘం పెట్టుకోవాలని తీర్మానించుకున్నడు. రెండేండ్లు క్యాంపస్ క్యాంపస్ తిరిగిండు. 1969 జులైల టర్ఫ్‌లూప్ యూనివర్సిటీల దక్షిణాఫ్రికా విద్యార్థి సంస్థ పురుడు పోసుకుంది. సాసో అంటరు దాన్ని. మొదటి అధ్యక్షుడు బికో. అప్పుడు ఆయన వయసు 22.

కుండబద్దలు కొట్టే కలం

అధ్యక్ష పదవిని ఒక్క ఏడాదే చేసిండు. 1970 జులైల ఆ బాధ్యత బార్నీ పిట్యానాకు అప్పజెప్పి, తను ప్రచురణల బాధ్యత తీసుకున్నడు. మనకు తెలిసిన సంఘాలల్ల అధ్యక్షుడు కుర్చీ దిగి పత్రిక పని చేయడం ఎన్ని చూసినం? బికోకు కుర్చీ కన్న కాలమ్ ముఖ్యమనిపించింది.

ఆ కాలమ్ పేరు 'నాకు నచ్చిందే రాస్తా'. కింద సంతకం ఫ్రాంక్ టాక్ అని ఉండేది. అంటే మన మాటల కుండబద్దలు కొట్టి చెప్పెటోడన్నట్టు. సాసో వార్తాపత్రికల అది అచ్చయ్యేది. నల్ల విద్యార్థులను తెగలవారీగ, జాతులవారీగ విడగొట్టే యూనివర్సిటీల కోసం 1959ల ఒక చట్టమే చేసిన్రు. ఒక్కో జాతికి ఒక్కో క్యాంపస్. ఒకరికొకరు కలవకుండ, ఒకరి గోస ఒకరికి ఎరుక కాకుండ. అసుంటి విడగొట్టిన క్యాంపస్‌లను కలిపే దారం ఆ చిన్న పత్రికే.

1970 ఆగస్టుల వచ్చిన కాలమ్ 'తెల్ల తోలులో నల్ల ఆత్మలా?' అనే అర్థం వచ్చే శీర్షికతోని ఉన్నది. అది నుసాస్ దోస్తుల గురించే. దాని సారాంశం మా మాటల్ల చెప్తం. అణచివేతను ఖండించే పని మీరే చేస్తరు, దానికి మేమెట్ల స్పందించాల్నో గూడ మీరే నిర్ణయిస్తరు. మా తరఫున మాట్లాడుడు మానేసి, మీ ఇంట్ల, మీ వాడల, మీ జాతి మనుషుల నడుమ కొట్లాడండ్రి, అసలు రోగం అక్కడున్నది అన్నడు. కలిసి కూసొని చాయ్ తాగితే సమానత్వం రాదన్నడు. కడుపు నిండినోడు ఆకలి మీద ఉపన్యాసమిస్తుంటే ఆకలిగొన్నోడు చప్పట్లు కొట్టుడేనా పని?

మరుసటి నెల, సెప్టెంబర్ల వచ్చిన కాలమ్ పేరు 'మనం నల్లవాళ్లం'. మేము ముఖ్యంగ చెప్పదలుచుకున్నది దీని గురించే. మొదటి నెల తెల్ల మిత్రులను కడిగి వదిలినోణ్ణి అందరూ భుజం తట్టి ఉంటరు. అక్కడనే ఆగితే అది చప్పట్ల కాలమ్ అయ్యేది. రెండో నెల కలాన్ని తన జనం దిక్కు తిప్పిండు. చాటుకు పండ్లు కొరికి తిట్టుకొని, దొర కేకేయంగనే ముఖానికి నవ్వు పులుముకొని ఉరికే మనిషి గురించి రాసిండు. ఆ మనిషి మనమే అని చెప్పిండు. అణచెటోని చేతిల తుపాకి కన్న బలమైన ఆయుధం, తక్కువోళ్లమని మన బుర్రల నాటుకున్న ఆలోచనే అనేది ఆయన వాదన. బడి పుస్తకాలల్ల చరిత్ర 1652ల తెల్లోడు ఓడ దిగిన కాడ్నుంచి మొదలైతదని, అంతకు ముందు మనం లేనట్టే పిల్లలు చదువుతున్నరని యాదికి చేసిండు. అదే సోయి. ముందు మన మీద మనకు పట్టిన మబ్బు విడగొట్టుకోవాలె.

పేరు ఎవరు పెట్టాలె?

ఇంకో సంగతి. అక్కడ ప్రభుత్వం జనాన్ని 'తెల్లోళ్లు', 'తెల్లోళ్లు కానోళ్లు' అని రాసేది. ఒక మనిషికి పేరు పెట్టేటప్పుడు 'ఫలానా కానోడు' అని పెడితే ఎట్లుంటది? 1971ల సాసో తన విధాన పత్రంల ఈ మాటను పక్కకు పెట్టింది. చట్టంతోని, ఆచారంతోని వివక్షకు గురై, పోరాటంల తామంతా ఒక్కటే అనుకునెటోళ్లు నల్లవాళ్లు అని నిర్వచనం రాసుకున్నది. ఆఫ్రికన్, మిశ్రమ జాతి, భారత సంతతి అందరూ అందుల ఉన్నరు. తోలు రంగు చాలదు. ఆ పాలనకు పోలీసై సాటి మనిషిని కొట్టెటోడు, దొరా దొరా అని వంగెటోడు, ఎంత నల్లగున్నా ఈ లెక్కల నల్లవాడు కాదు.

దీన్ని జాతి ద్వేషం అన్నరు, తిరగేసిన వర్ణవివక్ష అన్నరు. ఉదారవాద పత్రికలే అన్నయి. ప్రభుత్వం మాత్రం మొదట్ల చూసీ చూడనట్టు ఊకున్నది. నల్లోళ్లు వేరే సంఘం పెట్టుకుంటే తమ వేరుపాటు సిద్ధాంతానికే మంచిదనుకున్నది. ఎంత పొరపాటు పడ్డదో దానికి తొందర్లనే అర్థమైంది.

1972 ఏప్రిల్ల టర్ఫ్‌లూప్ పట్టాల పండుగల ఆంకోపోట్సే టిరో అనే విద్యార్థి నాయకుడు వేదిక మీదనే వివక్ష చదువును ఎండగట్టిండు. ఆయనను వెళ్లగొట్టిన్రు. నల్ల క్యాంపస్‌లన్ని సమ్మెల దిగినయి. టిరో సొవేటో పోయి మోరిస్ ఐజాక్సన్ హైస్కూల్ల పాఠాలు చెప్పిండు. 1974 ఫిబ్రవరిల బోట్స్వానాల పార్సిల్ బాంబుతోని ఆయనను చంపిన్రు. 1976 జూన్ 16న సొవేటో బడి పిల్లలు ఆఫ్రికాన్స్ భాషను రుద్దొద్దని బజార్లకొచ్చిన్రు. ఆ ఊరేగింపుకు ముందు నడిచిన సీట్సీ మషినీనీ అదే మోరిస్ ఐజాక్సన్ విద్యార్థి. పోలీసులు పిల్లల మీద తుపాకులు పేల్చిన్రు. చూసిన్రా, కాలమ్ నుంచి క్యాంపస్‌కు, క్యాంపస్ నుంచి బడికి, బడి నుంచి బజారుకు ఆలోచన ఎట్ల నడిచిందో. అందుకే పాలకులకు చిన్న పత్రికంటే భయం.

డాక్టర్ కాలేదు, దవాఖాన తెచ్చిండు

ఇప్పుడు మనం మొదలు పెట్టిన ప్రశ్న కాడికి వద్దాం. 1972ల మెడికల్ కాలేజీ బికోను తీసేసింది. పరీక్షలల్ల వెనుకబడ్డ మాట నిజం. దాచాల్సిన పని లేదు. ఊరు చందాలేసి చదువు మొదలుపెట్టిచ్చిన పిల్లగాడు డాక్టర్ కాలేదు. తల్లి కల తీరలేదు. డర్బన్ల నల్లవాళ్ల సామాజిక కార్యక్రమాల సంస్థల పనికి కుదిరిండు. 1973 మార్చిల ప్రభుత్వం ఆయన మీద, మరి కొందరు సహచరుల మీద నిషేధం పెట్టింది. కింగ్ విలియమ్స్ టౌన్ దాటి పోవద్దు. ఒక్కసారి ఒక్కనితోనే మాట్లాడాలె. ఆయన రాసింది అచ్చు కావద్దు. ఆయన అన్న మాటను ఇంకొకరు రాయొద్దు. నచ్చిందే రాస్తా అన్నోనికి రాయడమే నేరం చేసిన్రు.

కలం కట్టేస్తే ఏం చేసిండు? కట్టేసిన జాగలనే పని మొదలువెట్టిండు. 1975ల జిన్యోకా అనే పల్లెల జనెంపిలో దవాఖాన తెరుచుకున్నది. ఆరోగ్యం తెచ్చేదని ఆ పేరుకు అర్థం. డాక్టర్ మాంఫెలా రాంఫెలే దాన్ని నడిపింది. ఆమె గూడ అదే మెడికల్ కాలేజీ బిడ్డ, అదే సాసో కార్యకర్త. తర్వాత 1977ల ఆమెను దూర ప్రాంతానికి దేశంలనే ప్రవాసం పంపితే, అక్కడ గూడ ఆరోగ్య కేంద్రం పెట్టింది. బికో చరిత్ర చెప్పేటప్పుడు ఈ మహిళల పనిని అడుగున రాసే అలవాటు ఒకటున్నది. అది మానుకోవాలె. జైలు నుంచి వచ్చినోళ్ల కుటుంబాల కోసం ఒక నిధి పెట్టిన్రు. ఇంకా, జిన్స్‌బర్గ్ పిల్లల చదువుల నిధిని బికో మళ్ల నిలబెట్టిండు. ఏ ఊరు చందాలేసి తనను చదివించిందో, ఆ ఊరి పిల్లలకు మళ్ల చందాలు పోగు చేసిండు.

అయ్యలారా, అమ్మలారా, ఇది ఊరి బాకీ ఎగ్గొట్టిన మనిషి పనేనా?

నేనే ఆ ఫ్రాంక్ టాక్

1974ల మొజాంబిక్ విముక్తికి మద్దతుగ సభలు పెట్టిన్రని సాసో, దాని సోదర సంస్థ నాయకులను పట్టుకున్నరు. తొమ్మిది మందిని ఉగ్రవాద చట్టం కింద విచారణకు నిలబెట్టిన్రు. వాళ్ల మీద తుపాకి సాక్ష్యం లేదు. వ్యాసాలు, కవితలు, నాటకాలు, ఉపన్యాసాలే సాక్ష్యం. 1976 మేల బికో వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పనీకి ప్రిటోరియా కోర్టుకు వచ్చిండు. నిషేధంల ఉన్న మనిషి, మూడేండ్లుగ ఎవరూ అచ్చెయ్యని మనిషి, బహిరంగ కోర్టుల నిలబడి ఐదు రోజులు మాట్లాడిండు. ఫ్రాంక్ టాక్ అనెటోడు నిందితులల్ల ఒకడు, తొమ్మిదో నిందితుడే కదా అని జడ్జి అడిగిండు. తొమ్మిదో నిందితుడు స్ట్రినీ మూడ్లీ. కాదు, ఎన్నడూ అతను కాదు, ఫ్రాంక్ టాక్ అంటే నేనే అని బికో చెప్పిండు.

కలంపేరు పెట్టుకునే విద్యార్థులు ఈ ఒక్క సంగతి గుండెల రాసుకోవాలె. కలంపేరు తప్పు కాదు. హాస్టల్ గోడలకు గోడపత్రికలు అంటించే రోజుల్ల మేమూ పెట్టుకున్నం. కానీ మన రాతకు ఇంకొకని మెడ మీద కత్తి పడేటప్పుడు ముందుకొచ్చి 'అది నాదే' అననోడు రచయిత కాదు. ఆ తొమ్మిది మందికీ శిక్షలు పడ్డయి. మూడ్లీ, కూపర్ రాబెన్ ద్వీపం జైలుకు పోయిన్రు.

1977 ఆగస్టు 18న గ్రాహమ్స్‌టౌన్ దగ్గర రోడ్డు మీద పోలీసులు బికోను, పీటర్ జోన్స్‌ను పట్టుకున్నరు. పోర్ట్ ఎలిజబెత్ల బట్టలు లేకుండ, సంకెళ్లేసి ఉంచిన్రు. సెప్టెంబర్ 6న విచారణ గదిల తలకు దెబ్బలు తగిలినయి. చూసిన డాక్టర్లు పోలీసుల మాటకు తలూపిన్రు. 11న బట్టల్లేని మనిషిని జీపు వెనుక పండబెట్టి, వెయ్యి కిలోమీటర్లకు పైన ఉన్న ప్రిటోరియాకు తోలుకపోయిన్రు. 12న చనిపోయిండు. 30 ఏండ్ల వయసు. నిరాహారదీక్షతోని పోయిండని న్యాయ మంత్రి ప్రకటించిండు. ఎవ్వరిదీ తప్పు లేదని అదే ఏడాది మేజిస్ట్రేట్ తేల్చిండు. ఆ అక్టోబర్ 19న 18 సంస్థలను నిషేధించిన్రు, 'ద వరల్డ్' పత్రికను మూయించిన్రు. డాక్టర్ల మీద వైద్య మండలి చర్య తీసుకోనీకి 1985 దాకా పట్టింది. వర్ణవివక్ష పాలన పోయినంక ఐదుగురు పోలీసులు క్షమాభిక్ష అడిగితే 1999ల దాన్ని తిరస్కరించిన్రు, అయినా ఎవరికీ శిక్ష పడలేదు. 2025 సెప్టెంబర్ 12న, సరిగ్గ 48 ఏండ్లకు, ఆ మరణంపై విచారణను కోర్టుల మళ్ల తెరిచిన్రు. ఆ కాలమ్‌లు మాత్రం 1978లనే పుస్తకమై, నేటికీ అచ్చయితనే ఉన్నయి.

మనం ఏం తీసుకపోదాం?

విద్యార్థి మిత్రులారా, ఒక మాట గట్టిగ చెప్తం. బికో చావును కోరుకోలేదు. ఆయనకు పెండ్లాం ఉన్నది, చిన్న పిల్లలున్నరు, చేతిల పని ఉన్నది. ఆయనను చంపిన్రు. మన నేల గూడ బిడ్డల శవాలను చానా మోసింది. కనుక ఆయన చావును నమూనాగ పెట్టుకోకండ్రి. ఆయన బతుకును పెట్టుకోండ్రి. బతికితేనే రాస్తం, బతికితేనే దవాఖాన కడతం, బతికితేనే ఊరి బాకీ తీరుస్తం.

రాసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండ్రి. మా తరఫున మాట్లాడుతున్నది ఎవరు? మా తప్పులను మేము రాసుకున్నమా? ఈ రాతకు రేపు జవాబు చెప్పాల్సొస్తే నేను నిలబడతనా? మూడింటికీ సరైన జవాబుంటే నాలుగు పేజీల పత్రికైనా చాలు.

ఉద్యోగ మిత్రులారా, జిన్స్‌బర్గ్ల చందాలేసినోళ్లు మీ అసుంటి జీతగాళ్లు, కూలోళ్లే. ఆ చందా వృథా పోలేదు. మీ ఊరి పిల్లగాడు పత్రిక పెడితే ఒక చందా కట్టండ్రి, చదివి తప్పులు చెప్పండ్రి. పరీక్ష తప్పితే తిట్టండ్రి, కానీ నిజం రాసినందుకు మాత్రం తిట్టకండ్రి.

ఇగ వెనుక వరుసల కూసున్న తల్లిదండ్రులకు మా జవాబు. మీ పిల్లలు చదువు ఇడిసిపెట్టాలని మేము ఎన్నడూ చెప్పం. చదువు గావాలె. దానితోనిపాటు ఆ చదువు ఎవరి చెమటతోని వచ్చిందో మరువని మనసు గూడ గావాలె. అది ఉన్న పిల్లగాడు రాస్తడు. రాయకుంటే నిద్రపట్టదు. వానికి మీరు తోడుండండ్రి. మేమూ ఉంటం.

సెలవు.